పేజ్‌మేకర్ మేడం

తాడేపల్లిగూడెంలో జులేఖా పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్ ఒక మందుల షాపు పై అంతస్తులో ఉండేది. రోజూ ఏలూరులో పాసింజరెక్కి వచ్చి, పేజ్‌మేకర్ నేర్పించి, సాయంత్రానికి ఇల్లు చేరేది. పెళ్ళి కార్డు దగ్గర్నుంచి పుస్తకం దాకా దేన్నైనా కంప్యూటర్లో పేజీలుగా కూర్చే సాఫ్ట్‌వేరు అది. 2001 నాటికి ఆ చుట్టుపక్కల సందుకో డీటీపీ సెంటర్ వెలుస్తోంది. నేర్చుకుంటామని వచ్చేవాళ్ళకి కొదవ లేదు. చదువుకోవడానికి పుస్తకాలే ఇంగ్లీషువి.

“మీరు చెబుతుంటే అంతా అర్థమవుతుందండి,” అంది ఒకరోజు పెంటపాడు నుంచి వచ్చే నాగదుర్గ. “ఇంటికెళ్ళి ఈ పుస్తకం తీస్తే ఒక్క ముక్క బుర్రకెక్కదు మేడం. మీరు చెప్పినట్టే ఎవరైనా తెలుగులో రాస్తే బాగుణ్ణండి.”

ఆ ఎవరో తనే ఎందుకు కాకూడదని రైల్లో అనిపించింది జులేఖాకి. పక్కన చేపల బుట్టల వాసన, ఎదురుగా జామకాయలవాడి కేక. భీమడోలు దాటేసరికి మొదటి అధ్యాయం మనసులో తయారైపోయింది.

ఆ వేసవంతా రాసింది. మెనూలన్నీ వరసబెట్టి, ఒక్కటీ వదలకుండా రాసి, ప్రింటు తీసి తండ్రి చేతిలో పెట్టింది. అబ్దుల్ జబ్బార్‌కి ఏలూరులో లెటర్ ప్రెస్సు ఉండేది. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చి ముప్పయ్యేళ్ళు అచ్చు వేశాడు. కంప్యూటర్లు వచ్చాక ప్రెస్సు మూతపడింది. కూతురికి అన్నం పెడుతున్న విద్యే తన ప్రెస్సు మూయించిందని ఆయనకు తెలుసు. ఆ సంగతి తండ్రీకూతుళ్ళు ఎన్నడూ మాట్లాడుకోలేదు. అయినా అచ్చు పుటను ఆయనలా చూడగలవాళ్ళు ఆ ఇంట్లో మరొకరు లేరు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆఖరి కాగితం దాకా చదివాడు.

“తప్పుల్లేవమ్మా. కానీ ఇది తెలిసినవాళ్ళకి రాశావు.”

“అంటే ఏంటి నాన్నా?”

“నా దగ్గరికి పని నేర్చుకోడానికి వచ్చినవాడికి నేను సీసపు అక్షరాలుండే గళ్ళన్నీ ముందే వల్లె వేయించలేదు. మొదటిరోజే చిన్న పెళ్ళి కార్డు చేతిలో పెట్టి కూర్చమన్నాను. ఆ కార్డు పూర్తయ్యేసరికి ఏ గడిలో ఏముందో వాడికే తెలిసింది.”

జులేఖాకి ముందు ఉక్రోషం వచ్చింది. నెలల కష్టం! రెండ్రోజులు ఆయనతో ముభావంగా ఉంది. మూడో రోజు పాత ప్రతిని అటక మీదకి ఎక్కించి కొత్తగా మొదలుపెట్టింది. ఈసారి మెనూల వరస లేదు. మొదటి పాఠం విజిటింగ్ కార్డు. తరవాత పెళ్ళి శుభలేఖ, రొయ్యల మేత కంపెనీ కరపత్రం, ఐసు ఫ్యాక్టరీ బిల్లు పుస్తకం. ఆఖరి పాఠంలో, చదివేవాడు తన చేతిలో ఉన్న పుస్తకం లాంటిదే స్వయంగా తయారు చేస్తాడు. ఒత్తులు కింది వరసకు తగలకుండా వరసల మధ్య ఎంత ఎడం వదలాలో జబ్బార్ పక్కన కూర్చుని చెబుతుంటే, కూతురు తెర మీద సరిచేసేది.

బెజవాడలో భాస్కరరావు అనే ప్రచురణకర్త ఆ పేజీలు తిరగేసి కుర్చీలో ముందుకు జరిగాడు.

“చాలా బాగుందండి. వెంటనే వేద్దాం. ఒక్కటే సంగతండి. కంప్యూటర్ పుస్తకం కదా, పైన కొత్త రచయిత్రి పేరుంటే జనం సందేహిస్తారు. ‘నిపుణుల బృందం’ అని వేద్దామా?”

“బృందం లేదండి, నేనొక్కదాన్నే రాశాను,” అంది జులేఖా. “నా పేరుతోనే వెయ్యండి. లేదంటే పేజీలు ఇచ్చెయ్యండి, వెళ్ళిపోతాను.”

ఆయన నవ్వేసి, “ఇంటిపేరు కూడా రాసివ్వండమ్మా,” అన్నాడు.

షేక్ జులేఖా రాసిన పుస్తకం ఏడాది తిరక్కుండా అమ్ముడైపోయింది. రెండో ముద్రణకు సిద్ధమవుతుండగా, పుస్తకం వెనక వేసిన నంబరుకి ఆకివీడు నుంచి ఫోను వచ్చింది.

“మేడం, నా పేరు అహరోనండి. మీ పుస్తకం చూసి మా చర్చికి పాటల పుస్తకం చేస్తున్నానండి. మీరు చెప్పినట్టే మీటలు నొక్కితే పేజీ నంబరు ఒక్క పేజీలోనే పడుతుంది. మిగతా పేజీల్లో రావట్లేదండి.”

జులేఖా పుస్తకం తీసి చూసుకుంది. పేజీ నంబరును మాస్టర్ పేజీలో, అంటే అన్ని పేజీలకూ అచ్చుగుద్దే మూలపు పేజీలో పెట్టాలి. ముందు అక్కడికి వెళ్ళాలన్న ఒక్క వాక్యం రాయనేలేదు. తన చేతులకు అలవాటైన పని కాబట్టి తోచలేదు. ఫోనులోనే సమాధానం చెప్పేసింది. కానీ మనసు ఊరుకోలేదు. ఆ ఆదివారం బస్సెక్కి ఆకివీడు వెళ్ళింది.

చేపల లారీలు బారులు తీరిన రోడ్డు పక్కన చిన్న గది. పదో తరగతితో చదువు ఆగి, చెరువుల మీద పని చేసిన మనిషి అహరోను. కంప్యూటర్ సెంటర్ గడప తొక్కలేదు. బావమరిది కంప్యూటరూ, ఆమె పుస్తకమూ, అంతే. ఆ పుస్తకానికి అట్ట ఊడిపోతే మేత సంచి ప్లాస్టిక్ కత్తిరించి తొడిగాడు. లోపల ప్రతి పాఠం పక్కనా పెన్సిలు గీతలు. గోడల నిండా అతను చేసిన కరపత్రాలు, బిల్లు పుస్తకాల అట్టలు.

“దీంతోనే నేర్చుకున్నారా అంతా?”

“దీంతోనేనండి. అర్థం కానప్పుడు మళ్ళీ చదివేవాణ్ణి. మీరు ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటదండి.”

బయట ఎవరో బిల్లు పుస్తకాల కోసం వస్తే అహరోను లేచి నిలబడి, “ఈవిడేనండి మా మేడంగారు. పుస్తకం రాసింది ఈవిడే,” అని చూపించాడు. వచ్చినాయన చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చి దణ్ణం పెట్టాడు. జులేఖాకి కళ్ళు చెమర్చాయి.

రెండో ముద్రణలో ఆ వాక్యం చేరింది. తప్పు పట్టి చెప్పిన ఆకివీడు అహరోనుకి ముందుమాటలో కృతజ్ఞతలూ చేరాయి.

కొన్నాళ్ళకి పేజ్‌మేకర్ బదులుగా ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేరు ఆ ఊళ్ళకీ వచ్చింది. పేజ్‌మేకర్ పని అయిపోయిందనీ, జులేఖా పుస్తకం పొట్లాలకేననీ సెంటర్లో కొందరు నవ్వారు. ఆమె సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళి, తనకంటే చిన్నవాళ్ళ పక్కన విద్యార్థినిగా కూర్చుని అది నేర్చుకుని వచ్చింది. నేర్చుకుంటూ తను ఎక్కడెక్కడ తడబడిందో ఆ చోట్లన్నీ గుర్తుపెట్టుకుంది. కొత్త పుస్తకానికి అవే పాఠాలయ్యాయి. 2009 నాటికి ఆమె పుస్తకాలు అయిదు. ఆరోది ఫొటోషాప్ మీద. కొల్లేటి పక్షుల ఫొటోతో మొదటి పాఠం మొదలుపెట్టి, అప్పటికి సగం దాకా వచ్చింది.