అరకొర కోర్సు

ల్యాబ్‌లో అందరూ చిన్నక్క అని పిలిచే టెక్నీషియన్, తన అత్తగారి మూత్రం నుంచి క్రిముల్ని పెంచిన ప్లేటు మూత తీసింది. మందు అద్దిన కాగితపు బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ వలయం ఏర్పడాలి. ఏర్పడలేదు. స్కేలు పెట్టి కొలవడానికే ఏమీ లేదు. బిళ్ల అంచుదాకా దర్జాగా పెరిగి కూర్చున్నాయి. పై వార్డులో అత్తగారికి నిన్నటినుంచి ఎక్కిస్తున్నది ఆ మందే.

ఆ మందు సంగతి ఆమెకు కొట్టిన పిండి. క్రిమి రెండుగా చీలేముందు తన డీఎన్‌ఏకి నకలు తీసుకుంటుంది. మందు ఆ పనిని మధ్యలోనే పట్టేసి, డీఎన్‌ఏను తెంపుతుంది. పూర్తిగా వాడితే క్రిమి చస్తుంది. అరకొరగా వాడితే తెగినచోట హడావిడిగా అతుకులేసుకుంటుంది, ఆ హడావిడిలో జన్యువుల్లో తప్పులు దొర్లుతాయి. వాటిలో ఒక్క తప్పు మందు పట్టు తప్పించినా చాలు, ఇక దాని సంతానానిదే రాజ్యం. కొత్తగా చేరినవాళ్లకు ఇదంతా పాఠం చెప్పే మహాతల్లి ఇంట్లో ఏం చేసింది? ఏడాదిలో నాలుగుసార్లు, అత్తగారికి మంట మొదలవగానే ఆ మందు మాత్రలే ఇచ్చి, మూడోరోజుకు తగ్గగానే ఆపేసింది. పెద్దప్రాణం, ఒంటికి పడవేమోనని జాలి. కంచే చేను మేయడమంటే ఇదే.

ఆస్పత్రి కాగితంలో ఇంతకుముందు వాడిన మందుల దగ్గర భర్త 'ఏవీ లేవు' అని రాస్తుంటే పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఇప్పుడు మెట్లెక్కి, భర్త వింటుండగానే డాక్టరుతో చెప్పేసింది.

"నేనే ఇచ్చానండీ. నాలుగుసార్లు. ఒక్కసారీ కోర్సు పూర్తి చేయనివ్వలేదు."

డాక్టరు తిట్టలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అదే ప్లేటులో పెట్టిన మిగతా మందు బిళ్లల్లో ఒకే ఒక్కదానికి వలయం వచ్చింది, అదీ సన్నగా. ఆ మందే తెప్పించాడు. దీనికీ లొంగకపోతే తన దగ్గర ఇంకోటి లేదన్నాడు. భర్త ఆమె మొహం చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు.

నర్సు సూది పట్టుకుని వస్తే అత్తగారు చెయ్యి వెనక్కి లాక్కుంది. జ్వరంతో కళ్లు ఎర్రబడ్డాయి, కోడలి కోసం వెతుక్కున్నాయి.

"నువ్వు చెప్తేనే వేయించుకుంటానే. నీకంటే తెలిసినవాళ్లెవరున్నారు నాకు?"

"వేయించుకోండత్తయ్యా, తగ్గిపోతుంది," అంది కోడలు. ఆ మాట ఎప్పటిలాగే ధీమాగా పలికింది. ఆ నాలుగుసార్లూ మాత్రలు చేతిలో పెడుతూ అన్నదీ ఇదే మాట, ఇదే ధీమాతో.