గేటు దాకా నడిచే మొక్క

జుబైల్లో తెల్లారి అజాన్ కాగానే చిట్టెమ్మకి మొదటి పని టీ పెట్టడం కాదు, మొక్కని వెనక్కి తేవడం. మోకాలెత్తు మొక్క, పసుప్పచ్చ పూలు. ఆమెని సౌదీకి రప్పించి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, వాళ్ళమ్మ మంచం పట్టాక, ఆవిడ కళ్ళెదుట ఉంటుందని రెండేళ్ళ కింద ఎడారిలోంచి పెళ్ళగించి తెచ్చి కుండీలో పెట్టాడు. అదేమో రోజూ వేకువనే కుండీ దిగి, వేళ్ళు ఈడ్చుకుంటూ గేటు దాకా పోతుంది. వీధిలో ఎవరికీ అది వింత కాదు. చెత్తబండి వాళ్ళయితే కాలు తగలకుండా పక్కనించి పోతారు.

చిట్టెమ్మ దాన్ని చంటిపిల్లలా ఎత్తుకొచ్చి, కుండీలో కుదేసి, బియ్యం కడిగిన నీళ్ళు మగ్గుడు పోసేది. నరసాపురం కాలవగట్టు మనిషి మరి. నీళ్ళు పోస్తే పారిపోయే మొక్క ఉంటుందని ఆమెకెవరు చెప్పారు?

ఒళ్ళు హూనమైపోయింది. రెండేళ్ళకని వస్తే నాలుగేళ్ళయింది. ఊరికి పోవడానికి ఎగ్జిట్ వీసా అడిగినప్పుడల్లా కఫీల్ ఒకటే మాట, "అమ్మనెవరు చూస్తారు?" అదీ నిజమే. ఆవిడ చిట్టెమ్మ కలిపిన ముద్ద తప్ప తినదు.

"తంగేడు జాతేమో తమ్ముడూ," అంది ఒక పొద్దున మొక్కని చంకనేసుకొస్తూ.

డ్రైవర్ ఖాసిం రాయచోటి వాడు. కారు తుడుస్తూ నవ్వాడు. "తంగేడు ఆకు చింతాకు మాదిరి ఉంటాది కదక్కా. దీని పూవు చూడు, చామంతి పిల్ల. మీ గోదారోళ్ళకి నీళ్ళల్లో బతికేటివి తప్ప ఏం తెలుసులే."

"తెలిసినోడివి, పేరు చెప్పు మరి."

"పేరు తెల్దు. తంగేడు కాదని తెలుసు."

వాళ్ళు మొక్కని చూపించుకుంటూ వాదులాడుకోవడం చూసి, కిటికీ పక్క మంచం మీంచి ముసలావిడ అరబ్బీలో అంది. "అర్ఫజ్. ఇసక మొక్క. చలికాలం రెండు వానలు పడితే చాలు దానికి. రోజూ నీళ్ళెవరు పోస్తున్నారు?"

చిట్టెమ్మ మగ్గు వెనక్కి దాచుకుంది.

"శుక్రవారం దాన్ని ఆపకండి," అంది ఆవిడ. "ఎక్కడికి పోతుందో చూద్దాం."

శుక్రవారం గేటు బార్లా తీశారు. మొక్క బయల్దేరింది. దాని వెనకే, దాని నడకతోనే, ఇండికేటర్లు వేసుకుని కారు. ముందు ఖాసిం, కఫీల్. వెనక ముసలావిడ, చిట్టెమ్మ. మధ్యాహ్నానికి కరెంటు స్తంభాలు అయిపోయాయి. చదునైన ఇసక, కనుచూపుమేర అవే పసుప్పచ్చ పూలు. మొక్క ఒకచోట ఆగి, తనంతట తనే వేళ్ళు లోపలికి దింపుకుంది.

"మా గుడారం ఇక్కడే వేసేవాళ్ళం," అంది ముసలావిడ, కొడుకు ఎత్తి ఇసకలో కూచోబెడుతుంటే.

చిట్టెమ్మ చెయ్యి ఊరుకోలేదు. నీళ్ళసీసా మూత తీసింది. ముసలావిడ ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దు. అది ఇల్లు చేరింది."

పట్టిన చెయ్యి వదలకుండానే కొడుకుతో అంది, "రెండేళ్ళుగా కిటికీలోంచి చూస్తున్నాను. మొక్క గేటు చేరేసరికి ఈ పిల్ల ముందే అక్కడ నిలబడి ఉంటుంది, రోడ్డుకేసి చూస్తూ. ఎవరు ఎవర్ని వెనక్కి తెస్తున్నారో నాకే తెలీడంలేదు."

"మరి నిన్నెవరు చూస్తారమ్మా?"

"నువ్వు చూడు. ముద్ద కలపడం రెండ్రోజుల్లో వస్తుంది."

కఫీల్ ఫోన్ తీసి ఏవేవో నొక్కాడు.

"అక్కా," అన్నాడు ఖాసిం ఆ ఫోన్లోకి తొంగిచూసి మెల్లగా, "ఎగ్జిట్ కొట్టేసినాడు. ఇంగ నువ్వు ఊరికి పోవచ్చు."

చిట్టెమ్మ ఇసకలోనే చతికిలబడింది. సీసా ఇంకా చేతిలోనే ఉంది. మొక్కకేసి ఒకసారి చూసి, ఆ నీళ్ళు చుక్క మిగల్చకుండా తనే తాగింది.