ఆకు ముదరకముందే

ఆకాశం నుంచి ఊడిపడిన ఆ నల్లగుండు లక్ష్మణమ్మ మడిలో దిగి ఇరవై రోజులైంది. పడుకున్న గేదెంత ఉంటుంది. నీళ్ళలో ఉన్నా తడవదు, క్రేనుకు గొలుసులు కట్టి లాగినా కదలదు. నరసన్నపేట నుంచి రోజూ జనం ఆటోలెక్కి వచ్చి చూసిపోతున్నారు. శాస్త్రవేత్తలు మడి చుట్టూ తాడు కట్టి, గట్టు మీద టెంటు వేసుకుని, దానికి ఎన్ని తీగలు తగిలించవచ్చో అన్నీ తగిలించారు. లక్ష్మణమ్మను మాత్రం తాడు దాటనివ్వలేదు.

నాటుకోవడానికి ఆమెకున్నది ఆ ఒక్క మడే. పక్కన ఆకుమడిలో వరినారుకు నలభై రోజులు నిండి కణుపులు వేస్తోంది. ఇంకో రెండు రోజులు పోతే నాటినా పిలకలు వెయ్యదు. ఏడాది తిండి పోయినట్టే.

"ఎప్పుడు తేలుస్తావు బాబూ?" అని ఆ శాస్త్రవేత్తల పెద్దాఫీసరు ఉమాశంకర్‌ని ఆ పొద్దున కూడా అడిగింది.

"ఇది మానవజాతికే పెద్ద విషయమమ్మా. నీ నారు సంగతి తర్వాత చూద్దాం."

లక్ష్మణమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"మానవజాతి ఏటి తింటాది? నీ తీగలు తింటాదేటి?"

చీర ఎగదోపి, నారుకట్ట చంకన పెట్టుకుని తాడు కిందనుంచి దూరింది. వెనకే తోటికోడలు తులసి.

"అక్కా, పోలీసోలున్నారే!"

"ఉండనీ. ఆలకీ అన్నమే కావాల."

వరి నాటేవాళ్ళు వంగి నాటుతూ వెనక్కి నడుస్తారు. వెనక ఏముందో చూడరు. నాలుగు వరసలయ్యేసరికి లక్ష్మణమ్మ నడుముకు గుండు తగిలింది. తల ఎత్తకుండానే, పక్క వరస మనిషిని కసిరినట్టు కసిరింది.

"ఎనక్కి జరగవే! అడ్డంగా ఏటా కూకోడం?"

గుండు మూరెడు వెనక్కి జరిగింది.

ఆమె ఇంకో వరస నాటింది. గుండు ఇంకో మూరెడు జరిగింది. వరసకో మూరెడు, తప్పకుండా.

"ఆపమ్మా!" అంటూ ఉమాశంకర్ బురదలోకి దూకాడు. "నాటినవన్నీ పీకేసి మొదట్నుంచి మళ్ళీ చెయ్యి. కెమెరా ఆన్ చెయ్యలేదు!"

అప్పుడు ఎత్తింది లక్ష్మణమ్మ నడుము.

"పీకాలా? ఒక్క మొక్క మీద సెయ్యెయ్యి సూద్దాం! ఇరవై రోజులు దాన్ని గుచ్చారు, పొడిసారు. జరగమని ఒక్కడు అడిగాడేటి? ఏ లోకం నుంచొచ్చిందో గానీ దానికి ఇంగితం ఉన్నాది. నీకే లేదు." చేతిలో కట్ట తీసి అతని గుండెల మీదకు విసిరింది. "వంగి నాటితే నాటు. నేదంటే నువ్వూ జరుగు."

ఉమాశంకర్ జరిగాడు.

పొద్దువాలేసరికి మడంతా పచ్చబడింది. గుండు గట్టెక్కి, టెంటును పక్కకు నెట్టి, సరిగ్గా అది ఉన్నచోట కూర్చుంది. ఇక టెంటు ఎక్కడ వేసుకోవాలి అని శాస్త్రవేత్తల్లో ఎవరో తులసిని అడిగారు. లక్ష్మణమ్మ కాళ్ళు కడుక్కుంటూనే గట్టిగా చెప్పింది: "నా మడిలో మాత్రం కాదు."