హంబర్ కారు వెనక సీటు

అబ్దుల్ రజాక్ రోజూ తెల్లారి నమాజు ముగించుకొని రెండు బకెట్ల నీళ్ళతో కారు కడిగేవాడు. ముందు చక్రాలు, తర్వాత బానెట్, చివరికి అద్దాలు. వెనక తోలు సీటుకు మాత్రం నీళ్ళు తగలనివ్వకుండా, కొబ్బరినూనె చుక్క వేసిన గుడ్డతో తుడిచేవాడు. అదంతా అయ్యేసరికి భార్య హసన్‌బీ టీ గ్లాసు తెచ్చి మడ్‌గార్డు మీద పెట్టేది. ఆమె లేచి అప్పటికే రెండు గంటలయ్యుండేది. గ్లాసు పెట్టి, మళ్ళీ వసారాలోకి పోయి కొయ్య గరిటెలు చెక్కడానికి కూర్చునేది. ఉదయగిరిలో ఆ పని మీద బతికే ఇళ్ళు చాలా ఉన్నాయి.

కారు పేరు హంబర్. ఇంగ్లండు నుంచి 1951లో ఓడెక్కి మద్రాసులో దిగింది. హంబరంటే సైకిలు కదా అని ఎవరైనా అన్నారంటే రజాక్‌కు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ మనిషిని ఆ రోజుకు ఎక్కించుకునేవాడు కాదు.

పొద్దున ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు, మధ్యాహ్నం ఆత్మకూరు నుంచి ఉదయగిరికి. ఇదీ ఆయన రోజు. ఆత్మకూరు స్టాండులో నాలుగు అంబాసిడర్లు ఖాళీగా ఉన్నా జనం హంబర్ కోసమే కాచుకొని ఉండేవాళ్ళు. దాని వెనక సీట్లో కూర్చుంటే అలసట పోతుంది మరి. ఊరు దాటకముందే కళ్ళు మూతలు పడతాయి. ఉదయగిరిలో దిగేసరికి ఒళ్ళు కడిగి ఆరేసినట్టుంటుంది. ఇందులో ఎవరికీ వింతేమీ కనబడలేదు. ఫలానా డాక్టరు సూది నొప్పి లేకుండా వేస్తాడని చెప్పుకున్నట్టే, అలసటకు హంబర్ మంచిదని చెప్పుకునేవాళ్ళు.

మనిషిలోంచి తీసిన అలసట సీట్లోనే ఉండిపోయి కారు బరువెక్కేది. ఆ బరువు రజాక్‌కు యాక్సిలరేటర్ మీద కాలికి తెలిసేది. ఆత్మకూరు ఆసుపత్రి నర్సు లిదియమ్మ కష్టమైన కాన్పు చేసి వచ్చి ఎక్కిందంటే బండి మూడో గేరు దాటేది కాదు. ఎలక్షన్ డ్యూటీ నుంచి వచ్చిన పంతుళ్ళు ముగ్గురెక్కితే రెండో గేరే. అందర్నీ దించాక దుర్గం కొండ కింద నాలుగు తలుపులూ తెరిచి పెట్టేవాడు. గంటసేపు గాలి ఆడితే బండి మళ్ళీ తేలికయ్యేది. అటు పక్క మేసే మేకలు మాత్రం కాసేపు కాళ్ళు ముడుచుకొని కునికేవి.

ఒకటే జాగ్రత్త. నిద్ర మధ్యలో మనిషిని లేపకూడదు. ఒకసారి తాలూకాఫీసు గుమాస్తా ఒకడు, తాను పడుకున్నా సరే మర్రిపాడులో టీ కోసం లేపమన్నాడు. లేపాడు. తీసిన అలసటంతా తిరిగి వాడి ఒంట్లోకే పోయింది, పాపం మూడు రోజులు మంచం దిగలేదు. అప్పటి నుంచి రజాక్ దారిలో ఎక్కడా ఆపేవాడు కాదు.

ఈ గుణం కారు కొత్తలో లేదు, ఉన్నా తెలిసే దారి లేదు. అప్పట్లో కారు మైకా గనుల పెంచలనరసింహంగారిది. గనిలోకి దిగేవాళ్ళు నడిచి పోయేవాళ్ళు, గని మీద బతికేవాళ్ళు హంబర్లో పోయేవాళ్ళు. ఇంక ఆ సీటుకు అలసట రుచి ఎవరు చూపిస్తారు? తర్వాత మైకా వ్యాపారం చితికింది. పెట్రోలు తాగే ఆ ఏనుగును ఎవరూ కొనలేదు. పెంచలనరసింహంగారు పోయేముందు దాన్ని డ్రైవరు రజాక్‌కే ఇచ్చేశారు. అలసిపోయిన మనుషులు అందులోకి ఎక్కడం అప్పుడు మొదలైంది.

రజాక్‌కు మాత్రం ఆ పాత రోజులంటేనే ప్రాణం. స్టీరింగ్ పట్టుకుంటే చాలు, యాభై నాలుగులో నెల్లూరులో జరిగిన పెళ్ళి గురించి మొదలుపెట్టేవాడు. నాలుగు రోజుల పెళ్ళి. మామిడితోటలో ఏడు కార్లు వరసగా నిలబెట్టారు. అన్నీ ఇంగ్లండువే. బెంట్లీ తలుపు ఇనప్పెట్టె తలుపంత బరువు, మూస్తే మాత్రం చప్పుడే ఉండదు. జాగ్వార్ ముక్కు మీద దూకుతున్న పులి. ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ మీద ఆడమనిషి ముఖమున్న సింహం. డెయిమ్లర్‌కు గేరు ముందే వేసి పెట్టుకొని, కావాలన్నప్పుడు కాలితో తొక్కితే సరిపోతుంది. వోల్స్‌లీకి లైట్లు వేస్తే ముందు దాని పేరు కూడా వెలిగేది. చదువు రాని డ్రైవర్లు ఆ అక్షరాలను వేలితో తడిమి చూసేవాళ్ళు.

డ్రైవర్లు ఒకరినొకరు కార్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్ళు. బర్కతుల్లా అనే ఆయన బెంట్లీ. ఈయన హంబర్. "ఒరే హంబర్, నిప్పెట్టుండాదా?" అని అడిగితే రజాక్‌కు ఒళ్ళు పొంగిపోయేది. ఆ నాలుగు రాత్రులూ అందరూ ముందు సీట్లలోనే ముడుచుకొని పడుకున్నారు. యజమానులు చూసినా చూడకపోయినా వెనక సీట్లో నడుం వాల్చినవాడు లేడు. డ్రైవరైనా, డ్రైవరు ఇంటివాళ్ళైనా వెనక కూర్చోకూడదన్నది రివాజు.

ఎనభై నాలుగులో, మాఘమాసపు చివర్లో, మద్రాసు నుంచి ఒకాయన ఈ కారును వెతుక్కుంటూ వచ్చాడు. పాత కార్లు పోగుచేయడం ఆయనకు పిచ్చి. ఇంటి వెనక షెడ్డులో బెంట్లీ, డెయిమ్లర్, వోల్స్‌లీ పెట్టుకున్నాడట. హంబర్ చుట్టూ మూడుసార్లు తిరిగి, కిందికి వంగి చూసి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"బండితో పాటు నువ్వూ వచ్చేయి రజాక్. నాలుగు బండ్లూ నువ్వే చూసుకో. ఉండేదానికి గది ఇస్తా. వచ్చే ఆదివారం వస్తా. అప్పటిదాకా ఎక్కువ తిప్పొద్దు. కింద బరువు మోసే కమానుపట్టీలు అరిగిపోయున్నాయి. ఒక్క పెద్ద బరువు పడిందంటే బండి కూర్చుంటుంది, మళ్ళీ లేవదు."

రజాక్‌కు కాళ్ళు నేల మీద ఆనలేదు. తన నోటితో చెప్పుకొని చెప్పుకొని అరగదీసిన ఆ కార్లను ఈ వయసులో మళ్ళీ చేత్తో తుడవబోతున్నాడు! పరుగున పోయి హసన్‌బీకి చెప్పాడు. ఆమె "సరే" అంది. ఆయన మళ్ళీ కారు దగ్గరికి పోగానే, గరిటె నున్నచేసే ఆకురాయి చేతిలో పట్టుకొనే నిద్రలోకి జారింది. ఆకురాయి జారి అరచెయ్యి చీరుకుపోయింది.

లిదియమ్మ కట్టు కట్టి, పెద్ద డాక్టరుకు చూపించమని మరీ మరీ చెప్పింది. శుక్రవారం పొద్దున వెనక సీటుకు గిరాకీ ఉంది, ముందు సీటుకూ ఉంది. అందుకని హసన్‌బీ ఆత్మకూరుకు బస్సులో పోయింది, నిలబడి.

మధ్యాహ్నం లిదియమ్మ ఆమెను వెంటబెట్టుకొని స్టాండుకు వచ్చింది. రజాక్‌ను పక్కకు పిలిచింది.

"డాక్టరేమన్నాడు సిస్టరమ్మా?"

"జబ్బేం లేదన్నాడు. మనిషి అరిగిపొయ్యిందన్నాడు. ఇట్లనే వదిలేస్తే ఈ ఎండాకాలం దాటదంట."

"ఇంట్లో కూర్చోని గరిటెలు చెక్కేదానికి అరిగేదేంది?"

"నువ్వు మాత్రం కూర్చోనే కదా రజాక్ భాయ్ బండి తోలేది?" అంది లిదియమ్మ. "ఊళ్ళో వాళ్ళంతా నీ సీట్లో పండుకోని బాగుపడినారు. నీ భార్య ఒక్కసారన్నా అందులో కూర్చున్నాదా?"

"డ్రైవరు ఇంటోళ్ళు వెనక కూర్చోరమ్మా. రివాజు."

"ఎవురు పెట్టినారు ఆ రివాజు? గనులాయనే కదా? ఆయన పొయ్యి పదేళ్ళు దాటె."

హసన్‌బీ అలవాటు కొద్దీ ముందు తలుపు పట్టుకొని నిలబడి ఉంది. రజాక్ పోయి వెనక తలుపు తీశాడు.

"ఆడ కాదు హసన్‌బీ. ఈడ."

"గిరాకీ వస్తే?"

"రానీలే. ఎక్కు."

ఆమె సీటు అంచున, పరాయివాళ్ళ ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. బండి కదిలింది. రజాక్ అలవాటుగా నెల్లూరు పెళ్ళి మొదలుపెట్టాడు. వోల్స్‌లీ దాకా వచ్చి అద్దంలో చూస్తే ఆమె తల వెనక్కి వాలి ఉంది, నోరు కొంచెం తెరుచుకొని ఉంది. ముప్పైయేళ్ళు దాటిన కాపురంలో ఆమె నిద్రపోతుండగా ఆయన చూడటం అదే మొదలు. ఆయన పడుకున్నాక పడుకొని, లేవకముందే లేచే మనిషి.

నాలుగు మైళ్ళకే మూడో గేరుకు దిగాల్సి వచ్చింది. రజాక్ ఇంజన్లో ఏదో లోపమనుకున్నాడు. మర్రిపాడు దగ్గరికి వచ్చేసరికి రెండో గేరు. ముగ్గురు పంతుళ్ళ బరువది. ఒక్క మనిషి, అందులోనూ ఎముకల గూడులాంటి మనిషి! వెనక లారీలు హారన్ కొట్టి తిట్టుకుంటూ దాటిపోతున్నాయి.

ఇంత బరువు ఎక్కడిదని ఆయన మొదటిసారి ఆలోచించాడు. తెల్లవారుజామున నీళ్ళు మోయడం, చెక్క కోయడం, వంట, గరిటెలు. అవి కొంత. ఇంకా ఏదో ఉంది. ఏమిటా అని తడుముకుంటూ ఉండగా తట్టింది. నెల్లూరు పెళ్ళి నాటికి ఆమెకు ఎనిమిదో నెల. ఆయన తోటలో కార్లు తుడుస్తున్న నాలుగు రోజుల్లోనే ఇక్కడ కాన్పయింది, బిడ్డ దక్కలేదు, పూడ్చడం కూడా అయిపోయింది. తను ఇంటికొచ్చి ఏం చేశాడు? కాసేపు ఏడ్చాడు. తర్వాత ఏడు కార్ల గురించి చెప్పాడు. ఆమె విన్నది. అప్పటి నుంచి వింటూనే ఉంది.

ఉదయగిరి ఇంకా ఆరు మైళ్ళుందనగా కింద ఠప్పుమంది. ఒక కమానుపట్టీ విరిగింది. కాసేపటికి ఇంకొకటి. రేడియేటర్ వేడి చూపే ముల్లు చివరికంటా పోయింది. ఇప్పుడు ఆపితే బండి దక్కుతుంది. ఆదివారం మద్రాసాయన వస్తాడు. షెడ్డులో బెంట్లీ ఉంది, డెయిమ్లర్ ఉంది. మళ్ళీ ఆ వాసన, ఆ నున్నటి కొయ్య డాష్‌బోర్డులు. ఆపితే ఆమె లేస్తుంది, ఇప్పటిదాకా దిగిందంతా మళ్ళీ ఆమె ఒంట్లోకే పోతుంది. అంతే.

ఆయన కాలు బ్రేకు మీదికి పోయింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత తీసేసి ఒకటో గేరు వేశాడు.

ఆ ఆరు మైళ్ళకు రెండు గంటలు పట్టింది. ఇళ్ళకు మళ్ళిన మేకల మంద కారును దాటిపోయింది. మేకలాయన "పొద్దుగూకేలోపల జేర్తావా సాయిబూ?" అని నవ్వాడు. దుర్గం కనిపించింది. ఊరి మొదట్లో ఇరుసు రోడ్డును గీరుకుంటూ వచ్చి, తమ వీధి మలుపులో ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. కారు పొట్ట నేలకు ఆనింది.

హసన్‌బీ కళ్ళు తెరిచింది. దిగి నిటారుగా నిలబడింది. చెంపల్లోకి రంగు వచ్చింది. కారు వంక చూసింది, మొగుడి వంక చూసింది.

రజాక్ నాలుగు తలుపులూ తెరిచాడు. కొండ మీది గాలి అటునుంచి ఇటు ఆడింది. బండి ఒక్క అంగుళం కూడా పైకి లేవలేదు. ఆ బరువు గాలికి పోయేది కాదని ఆయనకు తెలుస్తూనే ఉంది.

"ఏమయ్యా, మరి ఆదివారం ఆయనొస్తే ఏం జెప్తావు?"

"బండి లేదని జెప్తాను."

ఆయన బాధ పోగొట్టాలని అనుకుందో ఏమో, మెల్లగా అడిగింది. "నెల్లూరు పెళ్ళి సంగతి జెప్తా ఉంటే నిద్రపొయ్యినాను. మళ్ళీ జెప్పు, వింటాను."

"ఆ పెళ్ళి ఇంకొద్దు," అన్నాడు రజాక్. కారు మెట్టు మీద కూర్చొని పక్కన ఆమెకు చోటిచ్చాడు. "ఆ నాలుగు దినాలు నువ్వెట్ల గడిపినావో జెప్పు. నేనెప్పుడూ అడగలేదు."

హసన్‌బీ వచ్చి పక్కన కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆడబిడ్డ," అంది. "ఒక పూట బతికింది. మస్తాన్‌బీ అని పేరు గూడా పెట్టినాను."