గోడౌను నిండుకుంది

కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే బాగేపల్లిలో, మెయిన్ రోడ్డు మీద నరసింహప్ప అంగడి వెనకున్న గోడౌను ఆయన తండ్రి మునియప్ప కట్టించింది. కట్టించినాయన పోతూ పోతూ కొడుక్కి ఒకే ఒక్క మాట చెప్పి పోయాడు. "ఇంట్లో బియ్యం తక్కువైతే పక్కింట్లో బదులు తెచ్చుకోవచ్చురా, గోడౌన్లో మూటలు తక్కువైతే బజారంతా నవ్వుతాది." నరసింహప్ప నలభై ఏళ్ళుగా ఆ మాట తప్పలేదు. ప్రతి కార్తీకంలో, కొత్త పంటకు ధర అడుగున ఉన్నప్పుడు, చింతామణి మండీ పిళ్ళప్ప మూడు వందల మూటల చెనిక్కాయలు, అంటే వేరుసెనగ కాయలు, పంపిస్తాడు. ఈయన గోడౌను నింపి, తలుపు వేసి, ఉగాది దాకా కాచుకుంటాడు. ధర ఎక్కాక నూనె మిల్లులకు అమ్ముతాడు. వ్యాపారమంటే ఓపిక, ఓపికంటే గోడౌను. అంతకు మించిన శాస్త్రం ఆయన చదవలేదు, చదవాల్సిన అవసరమూ రాలేదు.

చిక్కంతా ఈ మూడేళ్ళలోనే వచ్చింది. ఉగాదికి ధర ఎక్కడం మానేసింది. ఎక్కడో రేవులో బయటిదేశం నూనె దిగితే ఇక్కడ నూనె ధర దిగుతోంది. పక్క పల్లె పాతపాళ్య రైతు కూడా జేబులోంచి ఫోను తీసి ఏ ఊళ్ళో ఏ ధర పలుకుతోందో ఈయనకే చెబుతున్నాడు. ఒక ఏడు పెట్టింది పెట్టినట్టు వచ్చింది. మరో ఏడు పురుగు తినగా మిగిలింది వచ్చింది. మూడో ఏడు ఏం వచ్చిందో పెళ్ళాం అడిగినా చెప్పలేదు. నరసింహప్ప ఫోన్లను తిట్టాడు, వానను తిట్టాడు, తన జాతకంలో శనిని తిట్టాడు. తండ్రి మాటను మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

అనగలిగింది ఆయన కోడలు రక్షిత ఒక్కతే. కొడుకు మంజునాథకు కరెంటాఫీసులో ఉద్యోగం. స్తంభాలెక్కి దిగడంలో ఉన్న సుఖం అంగట్లో కూర్చోవడంలో లేదని వాడు ఏనాడో తేల్చుకున్నాడు. రక్షిత అలా కాదు. చిక్కబళ్ళాపురంలో బీకాం చదివింది, నూనె తీసే కట్టె గానుగ పెట్టాలని పట్టు పట్టింది. సబ్సిడీకి అర్జీ ఇచ్చింది, అది మంజూరు కూడా అయింది. ఇక కావాల్సింది గానుగ పెట్టుకోవడానికి చోటు. ఐదేళ్ళకు చోటు ఇస్తున్నట్టు యజమాని సంతకాన్ని మార్చి నెల ఆఖరులోగా ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే మంజూరైంది కాస్తా రద్దయిపోతుంది.

"సగం గోడౌను ఇయ్యండి మామా, చాలు," అని అడిగింది. "వారానికి పది మూటలు కొందాం. ఎవురు ఎంత అడిగితే అంత ఆడిద్దాం. దాచిపెట్టే పనే లేదు."

"మనం కొని పెట్టేటోళ్ళమమ్మా, పిండేటోళ్ళం కాదు," అన్నాడు నరసింహప్ప. "మూడేండ్లు దెబ్బ తగిలిందని నలభై ఏండ్ల పద్ధతి ఇడిసిపెడతారా? ఈసారి లోడు రానీ, చూద్దాం."

పెద్దవాళ్ళు "చూద్దాం" అన్నారంటే చూడరనే అర్థం. రక్షితకు అది తెలుసు. అర్జీ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

కార్తీకం వచ్చింది. లోడు పంపే ముందు పిళ్ళప్ప ఫోన్ చేసి గోడౌను ఖాళీగా ఉందా అని అడగడం ఆనవాయితీ. ఈ ఏడు పిళ్ళప్పకు కంటి ఆపరేషన్ అయింది. మండీ లెక్కలూ ఫోన్లూ చూసుకోవడానికి తుమకూరు నుంచి వినుత అనే అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆమె ఇంటి భాష కన్నడం. చింతామణికి వచ్చాక నాలుగు నెలల్లో తెలుగు నేర్చుకుని, ఎవరు కన్నడంలో పలకరించినా తెలుగులోనే జవాబిచ్చేటంత ఉత్సాహంలో ఉంది. ఆమె ఫోన్ చేసిన శుక్రవారం నాడు నరసింహప్ప దిబ్బూరహళ్ళిలో నిశ్చితార్థానికి పోయాడు. ఫోను ఇంట్లో ఛార్జింగుకు పెట్టి మరిచిపోయాడు. ఆయన భార్య మునివెంకటమ్మ అప్పుడే దేవుడి ముందు దీపం వెలిగించి వచ్చి ఫోనెత్తింది.

"మీ గోడౌను ఎట్లుండాదమ్మా?" అని అడిగింది వినుత.

గోడౌను ఊడ్చి పెట్టి ఉంది, ఒక్క మూట లేదు. కానీ శుక్రవారం, దీపాలు పెట్టే వేళ, ఇల్లాలి నోట "ఖాళీ" అనే మాట ఎట్లా వస్తుంది? దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. లేనిదాన్ని లేదంటే లక్ష్మి అలుగుతుందని మన ఆడవాళ్ళ భయం.

"మా గోడౌను నిండుకుండాదమ్మా," అంది మునివెంకటమ్మ, భక్తిగా.

"సంతోషమమ్మా," అంది వినుత, అంతకంటే భక్తిగా. నరసింహప్ప మూడు వందల మూటలను అడుగుతున్న వేరేవాళ్ళకు రాసేసింది.

పది రోజులు గడిచినా లారీ రాలేదు. నలభై ఏళ్ళ స్నేహంలో ఎప్పుడూ అడిగింది లేదు, ఇప్పుడు అడిగితే చిన్నతనమని నరసింహప్ప బిగదీసుకుని కూర్చున్నాడు. పదకొండో రోజున లారీ వచ్చింది. వచ్చి ఎదుటి అంగడి వర్తకుడు సుబ్బరాయప్ప గోడౌను ముందు ఆగింది. మూటల మీద పిళ్ళప్ప మండీ గుర్తు చూసి నరసింహప్పకు ఒళ్ళు మండిపోయింది. చెప్పుల్లో కాళ్ళు దూర్చి చింతామణి బస్సెక్కాడు.

మండీలో సంగతి తేలడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

"అమ్మే చెప్పినారు సార్, నిండుకుండాదని," అంది వినుత, రిజిస్టరు తెరిచి చూపిస్తూ. "నిండు అంటే ఫుల్లే కదా? నిండు కుండ, నిండు చెరువు. నిండుకుంది అంటే ఇంకా ఫుల్లు అనుకొంటి."

పిళ్ళప్ప కంటికి కట్టిన పచ్చ గుడ్డ తడిసేదాకా నవ్వాడు. "నవ్వద్దప్పా, డాక్టరు నవ్వొద్దని చెప్పుండాడు," అని తనకు తానే చెప్పుకుని మళ్ళీ నవ్వాడు. నరసింహప్పకు మాత్రం నవ్వు రాలేదు. అప్పటికే ధర ఎక్కి కూర్చుంది. ఎక్కిన ధరకు కొని నింపడం తండ్రి నేర్పిన విద్య కాదు. ఊరికే తిరిగొచ్చాడు.

ఇంటికొచ్చి పెళ్ళాన్ని నాలుగు మాటలన్నాడు. ఆవిడ ఐదు మాటలు తిప్పి కొట్టింది. "నేనేమన్నా తప్పు మాట్లాడినానా? తెలుగు రానోళ్ళను పనిలో పెట్టుకోమని నేను చెప్పినానా?" అందులో న్యాయం ఉంది కాబట్టి నరసింహప్ప కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

మర్నాడు ఉత్త గోడౌన్లోకి పోయి నిలబడ్డాడు. నలభై ఏళ్ళలో కార్తీకంలో ఆ నేల రంగేమిటో ఆయన చూసింది లేదు. దగ్గితే నాలుగు గోడలూ దగ్గాయి. తండ్రి ముందు తల దించుకుని నిలబడ్డట్టయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రక్షిత వాకిట్లో నిలబడి అంతా చూసింది. రెండు రోజులు పోయాక అడిగింది.

"ఊరికే ఉండేదే కదా మామా. మా మేనమామ కాడ గానుగ వాడకుండా పడుండాది. తెచ్చి పెట్టేదా?"

"లారీ వచ్చేదాకా పెట్టుకో," అన్నాడు నరసింహప్ప, మొహం పక్కకు తిప్పుకుని. "లారీ వచ్చిన రోజు తీసేయల్ల."

అలా వచ్చింది గానుగ, మోటరుతో తిరిగే కట్టె గానుగ. పాతపాళ్య రైతు మునినారాయణ కాడ రక్షిత పది మూటలు కొని, ఒలిపించి, ఆడించింది. మొదటి రోజు నూనె వాసన బస్టాండు దాకా పోయింది. "ఏమప్పా, మీ ఇంట్లో ఏమి చేస్తాండారు?" అంటూ జనం ముక్కులు ఎగరేసుకుంటూ వచ్చారు. మూడో వారానికల్లా ఫోన్లోనే ఆర్డర్లు పెడుతున్నారు. హైవే మీద బెంగళూరికి పోయే కార్లు కూడా పక్కకు తిరిగి వచ్చి ఆగుతున్నాయి. నూనె తీయగా మిగిలిన చెక్కను పాడి ఆవులున్నవాళ్ళు తడి ఆరకముందే ఎత్తుకుపోతున్నారు.

నరసింహప్పకు అర్థం కానిది ఒకటే. మధ్యాహ్నం పన్నెండుకల్లా నూనె అయిపోతుంది. వచ్చినవాళ్ళను రేపు రమ్మంటుంది రక్షిత. ఆయన వ్యాపారంలో రేపు రమ్మనడం అంటే గిరాకీని చేజేతులా ఎదుటి అంగడికి తోలడమే. కానీ వీళ్ళు మర్నాడు మళ్ళీ వస్తున్నారు, ఇంకొకరిని వెంటబెట్టుకుని మరీ వస్తున్నారు. ముందు ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని గొణుక్కున్నాడు. తర్వాత డబ్బాలకు మూతలు బిగించాడు. తర్వాత గానుగలో ఎప్పుడు నీళ్ళు చిలకరించాలో రక్షితకే సలహా చెప్పి, తప్పు చెప్పి, చీవాట్లు తిన్నాడు. ఆ చీవాట్లు బాగానే ఉన్నాయి. చాలా ఏళ్ళ తర్వాత ఆయనకు పొద్దున లేవగానే ధర గుర్తుకు రావడం లేదు.

మాఘమాసంలో చెనిక్కాయల ధర దబ్బున పడింది. బాగేపల్లిలో దాచిపెట్టుకున్న వర్తకులందరూ తలలు పట్టుకున్నారు. ఒక్క నరసింహప్ప చేతికే మట్టంటలేదు. అంతే, ఊరు కథ అల్లేసింది. "నరసింహప్పకు ముందే తెలుసప్పా. వచ్చిన లోడును సుబ్బరాయప్ప నెత్తికి కట్టి తాను గానుగ పెట్టినాడు. ఏమి తెలివి!" మొదటి రోజు ఆయన కాదన్నాడు. రెండో రోజు నవ్వి ఊరుకున్నాడు. మూడో రోజు ఎవరో అడిగితే, "ఏదో, గాలి ఎట్ల తిరుగుతాదో కొంచెం కనిపెట్టినా," అన్నాడు. మునివెంకటమ్మ లోపలి నుంచి దగ్గింది.

చిక్కబళ్ళాపురంలో జిల్లా వర్తకుల సంఘం సభ పెట్టుకుంది. "మారే కాలంలో వ్యాపారం" అనే విషయం మీద నరసింహప్పే మాట్లాడాలని పట్టుబట్టారు. ఆయన కొత్త పంచె కొన్నాడు.

సభకు మూడు రోజుల ముందు పిళ్ళప్ప ఫోను చేశాడు. "నరసింహప్పా, ఇంత అగ్గువకు నీ జన్మలో దొరకదు. మూడు వందల మూటలు ఎత్తిపెట్టినా. నింపుకో. సభకు నేనూ వస్తాండా, ఆడ్నే మాట చెప్పు."

పడిన ధరకు కొను, నింపు, కాచుకో. తండ్రి గొంతు నరసింహప్ప చెవిలో స్పష్టంగా వినిపించింది. పక్కనే ఉన్న రక్షిత అంతా విన్నది. చేతిలోని డబ్బా కింద పెట్టింది.

"గానుగ ఎప్పుడు తీయల్ల మామా?" అని అడిగింది, మామూలుగానే.

"చూద్దాం లేమ్మా," అన్నాడాయన. ఆ మాట అంటుంటే నోరు చేదైంది. మార్చి ఆఖరుకు ఇక పన్నెండు రోజులే ఉన్నాయని ఆయనకూ తెలుసు.

తన మర్యాద కళ్ళారా చూడాలని భార్యనూ కోడలినీ వెంటబెట్టుకుని సభకు పోయాడు. దండ వేశారు, శాలువా కప్పారు. కన్నడంలో మొదలుపెట్టాడు. కాలం, గమనింపు, దూరదృష్టి అంటూ మంజునాథ రాసిచ్చిన మాటలు గడగడా చదివాడు. తలెత్తి చూస్తే ముందు వరసలో సుబ్బరాయప్ప. మూడు వందల మూటలు నెత్తిన పడ్డ మనిషి, పాత నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని, ఈయన చెప్పే ప్రతి మాటా బుద్ధిగా రాసుకుంటున్నాడు.

నరసింహప్పకు సిగ్గు ముంచుకొచ్చింది. కాగితం మడిచాడు. ఇక తెలుగులోకి దిగాడు.

"సుబ్బరాయప్పా, రాసుకోవద్దప్పా. నేను కనిపెట్టింది ఏమీ లేదు. నా పెండ్లాం శుక్రవారం పూట ఖాళీ అనలేక నిండుకుండాది అనింది. మండీలో అది నిండుగా ఉండాదని రాసుకున్నారు. లోడు రాలేదు. ఉత్తగా ఉండే జాగాలో నా కోడలు గానుగ పెట్టింది. ఆయమ్మ ముందే అడిగితే నేను ఇయ్యలేదు. ఈ మధ్యలో నేను చేసిన వ్యాపారం ఏమంటే, అలిగి కూచ్చున్నా. అంతే."

సభ విరగబడి నవ్వింది, చప్పట్లు కొట్టింది. "ఎంత వినయమప్పా!" అన్నారు పెద్దలు. సుబ్బరాయప్ప అది కూడా రాసుకున్నాడు. నిజం చెప్పినా నమ్మని జనానికి ఎవరేం చేయగలరు?

నమ్మిన మనిషి ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. రక్షిత చప్పట్లు కొట్టలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

భోజనాల దగ్గర పిళ్ళప్ప భుజం పట్టుకున్నాడు. "లారీ పంపించేదా?"

"వద్దప్పా," అన్నాడు నరసింహప్ప. ఆ మాట అంత సులువుగా వస్తుందని ఆయనే అనుకోలేదు. "వారానికి పది మూటలు పంపు చాలు. ఏవి కావల్లో రక్షితమ్మను అడుగు."

తిరుగు బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. పేరేసంద్ర దాటాక నరసింహప్ప చెయ్యి చాపాడు. "ఆ అర్జీ కాగితం యాడ పెట్టినావమ్మా?"

అది ఆమె సంచిలోనే ఉంది, మడతల దగ్గర చిరుగు పట్టి ఉంది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. స్థలం అన్నచోట రక్షిత కన్నడంలో "అర్ధ గోదాము" అని రాసి ఉంది. పెన్ను తీసి "అర్ధ" అన్న మాట కొట్టేశాడు. దాని మీద "పూర్తి" అని రాశాడు. బస్సు కుదుపుకు అక్షరాలు వంకర పోయాయి. కింద సంతకం పెట్టాడు.

"అంతా నాకిచ్చేస్తే మరి మీ వ్యాపారం మామా?" అంది రక్షిత, కంగారుగా.

నరసింహప్ప పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, అరవై రెండేళ్ళలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

"రేపు పనికి ఎన్ని గంటలకు రావల్లమ్మా?"

రక్షిత అత్త వైపు తిరిగింది. మునివెంకటమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, "చెప్పమ్మా, అడుగుతాండాడు కదా," అంది.

"ఆరున్నరకు రండి మామా," అంది రక్షిత చివరికి.

నరసింహప్ప సరేనన్నాడు.