ఎవరి తువ్వాలు వారే విప్పాలి

వేసవిలో ఆ సరస్సు మీద గాలికి ఒక క్రమం ఉండేది. ఉదయమంతా నీరు కదలకుండా ఉండేది. ఎండ ముదిరి ఒడ్డు కాగిన తరువాత నీటిమీది చల్లగాలి ఒడ్డువైపు బయలుదేరేది. ఆ గాలికోసమే మేము ముగ్గురం సెలవురోజుల్లో భోజనాలు కాగానే విండ్‌సర్ఫింగ్ బోర్డులు బయటికి తీసేవాళ్ళం. తెరచాప చేజారినా, కాళ్ళు తడబడినా ఆ గాలి మనిషిని తిరిగి ఒడ్డుకే తోస్తుంది. నలభై దాటాక ఈ ఆట నేర్చుకున్నవాళ్ళకు అంతకంటే అనువైన గాలి ఉండదు.

ముగ్గురమంటే నేను, నా చిన్ననాటి స్నేహితురాలైన పళ్ళ డాక్టరు, మా తమ్ముడు. తమ్ముడి మందుల షాపు ఆమె ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. పైన ఆమె రాసిన మందులను కింద ఇతను అమ్ముతాడు. అతని మాటతీరు అర్థం కావాలంటే ఈ సంగతి తెలిసి ఉండాలి.

మాకొక నియమం ఉండేది. బోర్డులు దాచే షెడ్డు ముందు ఒక ఇనుప కమ్మీ ఉంది. నీళ్ళలోకి దిగేవారు తమ తువ్వాలును దానికి ముడివేసి దిగాలి. తిరిగి వచ్చాక తామే విప్పుకోవాలి. కమ్మీమీద తువ్వాలు ఉన్నదంటే మనిషి ఇంకా నీటిమీద ఉన్నట్టు. ఒకసారి తమ్ముడు అవతలి ఒడ్డున చెట్టు నీడలో నిద్రపోతే, మునిగిపోయాడనుకుని మేమిద్దరం గొంతులు పోయేలా అరిచాం. ఆ మరుసటి వారమే డాక్టరు ఈ నియమం పెట్టింది.

"ఎవరి తువ్వాలు వాళ్ళే విప్పాలి. నాది ఎవరైనా ముట్టుకున్నారో, మత్తు ఇవ్వకుండా పన్ను పీకేస్తా" అన్నది.

షెడ్డుకు ఒక కాపలాదారు ఉండేవాడు. సాయంత్రం అందరూ వచ్చారని చూసుకుని గేటుకు తాళం వేయడం అతని పని. నాకతనంటే ఎన్నడూ గిట్టలేదు. నమస్కారం పెడితే తల తిప్పుకునేవాడు. తడికాళ్ళతో షెడ్డులోకి వస్తే సణిగేవాడు. రేడియో మోగుతుంటే పిలిచినా పలికేవాడు కాదు.

ఒక సెలవురోజు నేను నీళ్ళ నడుమ ఉండగా మబ్బు పట్టింది. మిగతా ఇద్దరూ అప్పటికే ఒడ్డు చేరారు. మబ్బు కిందినుంచి వచ్చే గాలి మా అలవాటు గాలికి ఎదురు తిరుగుతుందని నాకు తెలుసు. అందుకే వెనుదిరిగాను. అప్పుడే తెరచాప కొయ్యను బోర్డుకు కలిపే రబ్బరు కీలు పుటుక్కున తెగింది. ఎండకు ఎండి లోపల్లోపలే బీటలు వారి ఉన్నదని తరువాత తెలిసింది. తెరచాప ఒకవైపు, బోర్డు ఒకవైపు అయ్యాయి. నేను బోర్డుమీద బోర్లా పడుకుని చేతులతో నీటిని తోశాను. తోసినంత మేరా గాలి నన్ను వెనక్కి నెట్టింది. ఒడ్డు చిన్నదవుతూ పోయింది.

ఈదుకుంటూ వెళ్ళిపోదామా అని ఒక క్షణం అనిపించింది. కానీ నా తువ్వాలు కమ్మీమీద ఉంది. దాన్ని చూస్తారు, పడవ పంపుతారు. ఆ లెక్కతోనే బోర్డును వదలలేదు. వాన మొదలైంది. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, డాక్టరు వచ్చి ఏమని వెక్కిరిస్తుందో ఊహించుకుంటూ పడుకున్నాను. చివరికి అవతలి రెల్లుపొదల్లో చిక్కుకున్నాను. పొద్దు వాలే సమయానికి నాచు తీసే పడవవాళ్ళ కంటపడ్డాను. వాళ్ళు నన్ను వెతుకుతూ వచ్చినవాళ్ళు కారు. వానకు పని ఆపి ఇళ్ళకు పోతున్నవాళ్ళు. నన్ను వెతుకుతున్నవారు ఎవరూ లేరు.

ఎందుకు లేరంటే కమ్మీ ఖాళీగా ఉంది.

మరునాడు నేను జ్వరంతో దుప్పటి కప్పుకుని ఉండగా డాక్టరు, తమ్ముడు వచ్చారు. ఆమె నా సంచిని మంచం పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి తానే టీ కాచింది, నా నుదురు పట్టి చూసింది, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నది.

"నేనే తీశానే" అన్నది. "చినుకులు పడుతున్నాయి. తడిసిన తువ్వాలు ఏం తుడుచుకుంటావని మడిచి నీ సంచిలో పెట్టి, సంచి కార్లో పడేశాను. నువ్వు ఒడ్డుకు దగ్గర్లోనే ఉన్నావనుకున్నా. ఇంతలో ఆసుపత్రి నుంచి ఫోను, ఎవరికో దవడ వాచిందని. వీడు చూసుకుంటాడులే అని వెళ్ళిపోయా."

"నేను బట్టలు మార్చుకుని వచ్చేసరికి కమ్మీ ఖాళీ" అన్నాడు తమ్ముడు. "నువ్వు డాక్టరక్క కార్లో వెళ్ళిపోయావనుకున్నాను అక్కా."

ఇంతవరకు నాకు కోపం రాలేదు. ఆమె దయతో చేసింది, అతను నియమాన్ని నమ్మాడు, కాపలాదారు కూడా ఖాళీ కమ్మీనే చూసి తాళం వేశాడు. ఒక్క తువ్వాలు చోటు మారినందువల్ల వాళ్ళిద్దరూ ఒకే తప్పు నిర్ణయానికి వచ్చారు. మనుషులకు ఇటువంటివి జరుగుతాయి. క్షమించడానికి సిద్ధంగానే ఉన్నాను.

"రేపు షెడ్డు మేనేజరు మనందరినీ పిలిచాడు" అన్నది డాక్టరు, టీ కప్పును నా చేతిలో పెడుతూ. "నీ తువ్వాలు తీసింది కాపలావాడని చెప్పాను. నువ్వు కూడా ఔనను."

నేను కప్పు కింద పెట్టాను.

"ఎందుకని?"

"ఇక్కడ నేను పిల్లలకు బోర్డు నేర్పే శిక్షణ ఈ నెలే మొదలు. పెట్టిన నియమం తానే తప్పిందని తెలిస్తే ఏ తల్లి నా దగ్గరికి పిల్లను పంపుతుంది? ఎన్నేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే ఒప్పుకున్నాడు ఆ మేనేజరు!"

"అతని ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. వాడో మనిషా? నువ్వే కదుటే, వాడి మొహం చూస్తే గాలి కూడా పడిపోతుందన్నావు!"

అన్నాను. అన్నది నిజమే. కానీ ఒకడి మొహం నచ్చకపోవడానికీ, ఒకడి అన్నం తీసేయడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆమె ఒక్క అంగలో దాటేసింది. అదీ నన్ను కూడా చేయిపట్టి లాక్కుంటూ.

"అక్కా, కొంచెం సర్దుకో" అన్నాడు తమ్ముడు, గోడ గడియారంవైపు చూస్తూ. "ప్రాణం దక్కింది కదా. ఇంక గొడవెందుకు?"

"దక్కింది నా ప్రాణం. దాన్ని అడ్డం పెట్టుకుని నువ్వు బేరాలాడకు."

"ఇదిగో, ఇదే నీతో వచ్చిన చిక్కు" అని డాక్టరు లేచింది. "చిన్నప్పటి నుంచీ అంతే. అందరిమీదా తీర్పులే. జ్వరం తగ్గాక ఆలోచించు."

జ్వరం ఆ రాత్రే తగ్గింది. కోపం తగ్గలేదు.

మేనేజరు గదిలో తడి లైఫ్ జాకెట్ల వాసన నిండి ఉంది. మేజా ఒకవైపు అతను, మరోవైపు మేము ముగ్గురం కుర్చీల్లో. కాపలాదారుకు కుర్చీ వేయలేదు. అతను తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నేను ముట్టుకోలేదు" అంటున్నాడతను, అందరిమీదా విసుక్కుంటున్నట్టు. "వీళ్ళ తువ్వాళ్ళు నాకెందుకు? ఒకసారి గాలికి కిందపడితే తీసి పెట్టబోయినందుకే ఈ డాక్టరమ్మ నన్ను అరగంట తిట్టింది."

"మరి కమ్మీ ఎలా ఖాళీ అయింది? తువ్వాలు రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?" అన్నాడు మేనేజరు. తరువాత నావైపు తిరిగాడు. "మేడమ్, కష్టపడింది మీరు. మీరు చెప్పండి. మీ మాటతో ఇది ముగించేస్తాను."

డాక్టరు నావైపు చూడలేదు. చేతిగోళ్ళు చూసుకుంటున్నది.

"నా తువ్వాలు నా సంచిలో దొరికింది" అన్నాను. "పొడిగా, మడిచి ఉంది. సంచి డాక్టరుగారి కారులో ఉంది. ఆ కారు తాళం కాపలాదారు దగ్గర ఉండదు. దాన్ని తీసినది డాక్టరుగారు. ఆ మాట నాకు ఆమే స్వయంగా చెప్పారు."

"ఏమే!" అన్నది డాక్టరు.

"అక్కా" అన్నాడు తమ్ముడు, నెమ్మదిగా, అవతలివాళ్ళకు వినపడకూడదన్నట్టు.

"నేనింకా ముగించలేదు" అన్నాను. "కాపలాదారు తప్పు లేదని కాదు. తాళం వేసేముందు అరల్లో బోర్డులు ఉన్నాయో లేదో చూడవలసింది అతను. చూడలేదు. కమ్మీవైపు ఒక చూపు విసిరి, రేడియో చంకలో పెట్టుకుని పోయాడు. దానికి అతన్ని మందలించండి, రాసుకోండి, ఏమైనా చేయండి. కానీ చేయని పనికి అతన్ని పంపేయడానికి నా మాట వాడుకోవద్దు."

కాపలాదారు నావైపు కొరకొరా చూశాడు.

మేనేజరు పెన్ను మూత పెట్టేశాడు. కాపలాదారును మందలించి పనిలో ఉంచుతానని, పిల్లల శిక్షణ ఈ వేసవికి ఆపుతున్నానని చెప్పాడు. రెండో మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. డాక్టరు కుర్చీ వెనక్కి తోసుకుని బయటికి నడిచింది.

ఆవరణలో కారు దగ్గర ఆగి నాకోసం చూసింది.

"సంతోషమా? చల్లబడ్డావా?" అన్నది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వానలో నీ తువ్వాలు తడవకూడదనుకోవడం నా నేరం. అంతేగా!"

"కాదు. తువ్వాలు తీసినందుకు నీమీద నాకు కోపమే లేదు. ఆ నీళ్ళమీద పడి ఉన్నంతసేపూ నువ్వు వస్తావనే అనుకున్నాను. రానందుకు కూడా కోపం రాలేదు. నా పక్కన కూర్చుని, నా నుదుటిమీద చేయి వేసి, ఆ చేత్తోనే ఇంకొకణ్ణి నీళ్ళలోకి తోయమన్నావు చూడు, దానికి వచ్చింది."

"వాడు నీకు నాకంటే ఎక్కువా?"

"వాడంటే నాకు పరమ చిరాకు."

ఆమె కారెక్కింది. తమ్ముడు నావైపు, కారువైపు చూశాడు. "నువ్వు నడిచి వస్తావు కదా అక్కా" అని తానే జవాబు కూడా చెప్పుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కారు గేటు దాటిపోయింది.

నాచు పడవవాళ్ళు లాక్కొచ్చిన నా బోర్డు ఇంకా షెడ్డు గుమ్మంలో అడ్డంగా పడి ఉంది. దాని దగ్గర నిలబడ్డాను. ఇక ఎవరితో కలిసి దీన్ని నీళ్ళలోకి దించాలో తెలియలేదు. కోపం ఎంత నిండుగా ఉందంటే, దాని పక్కన దుఃఖానికి చోటు లేదు.

వెనుకనుంచి కాపలాదారు వచ్చాడు. కృతజ్ఞత చెబుతాడేమోనని ఇబ్బందిగా తల తిప్పాను.

"దారికి అడ్డంగా పడేశారు" అన్నాడు. "తీసి అరలో పెట్టుకోండి. ఇదేమన్నా మీ ఇంటి వసారానా?"

"తీస్తాను" అన్నాను. "నువ్వు ముందు ఆ రేడియో కట్టేసి, అరల్లో ఎన్ని బోర్డులున్నాయో చూసుకో. అరవై ఏళ్ళొచ్చినా మనిషితో మాట్లాడే పద్ధతి తెలియదా నీకు? నిన్నొకరు నమ్మి నీళ్ళలోకి దిగుతారయ్యా! చూసి తాళం వేయడానికి ఏం నొప్పి?"

"అరవకండి. వినపడుతోంది."

"వినపడాలనే అరుస్తున్నాను!"

అతను సణుగుతూ అరలవైపు నడిచాడు. నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. అతని ఉద్యోగానికి ఇక ఢోకా లేదు కనుక అతనిమీద మనసారా కోప్పడే హక్కు నాకిప్పుడు ఉంది.