మూడో అంతస్తుకి ఎన్ని మెట్లు

రొట్టె ఉన్న సంచీ ఒక చేత్తో, మెట్ల పక్క కమ్మీ ఇంకో చేత్తో పట్టుకుని చీటీలావిడ పైకెక్కుతోంది. పెదాలు కదులుతున్నాయి. నలభై, నలభై ఒకటి, నలభై రెండు. అక్కడ ఆగి తలెత్తి చూసింది. రెండో అంతస్తు మలుపు కూడా ఇంకా రాలేదు. నిట్టూర్చి మళ్లీ మొదలుపెట్టింది. తమ ఇంటి గుమ్మం చేరేసరికి డెబ్భై ఒకటి అయ్యాయి.

"నిన్న అరవై ఆరే కదా," అని గొణుక్కుంటూ తాళం తీసింది.

ఆ భవనంలో మెట్ల తీరే అంత. మనసు నిమ్మళంగా ఉన్నవాళ్లకి కింది నుంచి మూడో అంతస్తు దాకా నలభై రెండు. లోపల గుబులుంటే, ఆ గుబులుని బట్టి పెరుగుతాయి. ఎవరి మెట్లు వాళ్లవి. ఇద్దరు పక్కపక్కనే బయల్దేరినా ఒకరు ముందు చేరి తాళం తీసుకుంటారు, రెండోవారు ఇంకా ఎక్కుతూనే ఉంటారు. అందుకే బల్లలూ బీరువాలూ ఇద్దరు పట్టుకుని మోయడం కుదరక, కిటికీలోంచి తాడు కట్టి దించడం అక్కడ అలవాటు. దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. కుళాయి కారుతోందని చెప్పినట్టే చెబుతారు. ఉత్తరాలు పంచే అతను తలుపు కొట్టి, "ఇవాళ నాకు అరవైయండీ, మావాడి పరీక్ష ఫలితాలు వస్తున్నాయి," అని చెమట తుడుచుకుంటాడు.

చీటీలావిడకి ఆ పేరు ఉద్యోగాన్ని బట్టి వచ్చింది. మందు పెట్టెలో మాత్రలతో పాటు ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది కదా, అందరూ చదవకుండా పారేసేది. అది అచ్చుకు వెళ్లే ముందు అక్షరం అక్షరం చదివే మనిషి ఆవిడ. ఎవరు వాడాలి, ఎవరు వాడకూడదు, ఎంత మోతాదు, దుష్ఫలితాలేమిటి. "ఏ మందు ఎవరికి ఎలా వికటిస్తుందో ఇరవై రెండేళ్లుగా చదువుతున్నదానివి, నీకు డెబ్భై మెట్లంటే తక్కువే," అంటాడు భర్త. ఆయన ఓడ మీద ఇంజన్ పనివాడు. ఆరు నెలలకోసారి ఇంటికొస్తాడు. మిగిలిన రోజుల్లో ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆవిడా, పందొమ్మిదేళ్ల కూతురూ.

కూతురు కిటికీ దగ్గర చేతుల కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దున ఆవిడ వెళ్లేటప్పుడూ అక్కడే ఉంది.

"అమ్మడూ, ఇవాళేమైనా..."

"లేదమ్మా."

"గుమ్మం దాకా అయినా..."

"లేదన్నాను కదమ్మా. రొట్టె వేడిగా ఉందా?"

రెండు నెలల కిందట ఒక ఉదయం ఆ పిల్ల మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయింది. గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు, చేతులు చల్లబడ్డాయి. కారణమంటూ ఏమీ లేదు. గోడ పట్టుకుని వెనక్కి వచ్చేసింది. మర్నాడు చూస్తే మెట్లు నూరు దాటాయి. ఆ మరుసటి వారానికి నూట తొంభై. ఇక దిగడం మానేసింది.

అంతకు ముందే నాలుగు వీధుల అవతల కళ్లద్దాల దుకాణంలో పని నేర్చుకోవడానికి చోటు దొరికింది. చిన్న చిన్న మరలు బిగించడం, అద్దాలు అరగదీయడం ఆ పిల్లకి ప్రాణం. దుకాణం ఆవిడ మంచిదే. "వచ్చే నెల కాక పై నెల ఒకటో తారీఖు దాకా చూస్తానమ్మా. ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకోక తప్పదు," అని ఫోన్లో చెప్పింది. ఒకటో తారీఖుకి ఇంకా ఆరు వారాలుంది.

డాక్టరమ్మ ఇంటికి వచ్చింది. యాభై అయిదు మెట్లెక్కి, "నాకూ ఇంట్లో గొడవలుంటాయి కదండీ," అని నవ్వింది. పిల్లతో గంటసేపు మాట్లాడింది. మందులు ఇప్పుడే వద్దనీ, వారానికోసారి ఫోన్లో మాట్లాడుకుందామనీ చెప్పింది. వెళ్తూ వెళ్తూ తల్లితో, "మధ్య రోజుల్లో ఫోన్లో ఏదైనా మంచి యాప్ తోడుగా పెట్టుకోవచ్చు. అయితే వేలకొద్దీ ఉన్నాయి, అన్నీ మంచివి కావు. ఒకటో రెండో చాలు. చూసి ఎంచుకోండి. అది నాకు తోడు, నాకు బదులు కాదు," అంది.

చూసి ఎంచుకోమంటే చీటీలావిడకి పండగే.

ఆ సాయంత్రమే తన ఫోన్లో వెతికింది. పువ్వులు, చందమామలు, కళ్లు మూసుకున్న ముఖాలు. ఒక్కదానికీ లోపల మడతపెట్టిన కాగితం లేదు! ఎవరు వాడకూడదో లేదు, ఎంతసేపు వాడాలో లేదు, వికటిస్తే ఏం చేయాలో లేదు. ఇలాంటిది కూతురి చేతికి ఎలా ఇస్తుంది? ముందు తాను వాడి చూడాలనుకుంది. ఒక్కొక్కటి ఒక్కో వారం. రోజూ మెట్లెక్కి లెక్క రాసుకోవాలి. వారం చివర దానికో చీటీ తయారు చెయ్యాలి.

మొదటి దాంట్లో బొమ్మ ఎలుగుబంటి ఉంది. రోజూ తెరిస్తే గంతులేస్తుంది, ఒకరోజు మానేస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. మూడో రోజు ఆఫీసులో పని ఎక్కువై ఆవిడ దాని సంగతి మర్చిపోయింది. "మీరు నన్ను మరిచారా?" అని మధ్యాహ్నం రెండింటికొకసారి, నాలుగింటికొకసారి సందేశం వచ్చింది. ఆ సాయంత్రం మెట్లు డెబ్భై ఎనిమిది. చీటీలో రాసింది: "దుష్ఫలితాలు: ఎలుగుబంటి గురించి దిగులు. ఇంట్లో ఒకరి గురించి ఇప్పటికే దిగులున్నవారు వాడరాదు."

రెండోది మెత్తని గొంతుతో ఊపిరి పీల్చమంది. పీల్చబోయే ముందు షరతుల పేజీలు కనిపించాయి. అందరూ ఒప్పుకుంటున్నానని నొక్కేసేవి. ఆవిడ నలభై పేజీలూ చదివింది. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూస్తుందట, ఎక్కడికెళ్లిందీ గుర్తుపెట్టుకుంటుందట, తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ ఇస్తుందట. "ఊపిరి పీల్చుకోడానికి మా ఆడపడుచు నంబరెందుకు దీనికి?" అని పైకే అంది. కిటికీ దగ్గర కూతురు మొదటిసారి ఇటు తిరిగి చూసింది.

మూడోది నలభై ప్రశ్నలడిగి, ఎర్రటి అక్షరాల్లో "తీవ్రం" అని చూపించి ఊరుకుంది. తర్వాతేం చేయాలో, ఎవరిని పిలవాలో లేదు. ఆ వారం ఎనభై మూడు. చీటీలో ఒక్క మాటే రాసింది: "వాడరాదు."

నాలుగోది ఒక ఆసుపత్రి వాళ్లు తయారు చేసింది. చూడ్డానికి సాదాసీదా. ఒక నీలి వలయం నెమ్మదిగా ఉబ్బుతుంది, నెమ్మదిగా తగ్గుతుంది. దాంతో పాటు ఊపిరి. ఇంకో పేజీలో మనం భయపడే పనిని మనమే చిన్న ముక్కలుగా రాసుకుని, రోజుకో ముక్క చేసుకోవచ్చు. కింద ఒక బొత్తాం, నొక్కితే మన డాక్టరుకి ఫోన్ వెళ్తుంది. పేరు అడగదు, మార్కులు వేయదు. పది నిమిషాలయ్యాక, "ఇక ఫోన్ పక్కన పెట్టండి," అని తనే ఆగిపోతుంది. ఆవిడకి ప్రాణం లేచి వచ్చింది. ఇక చాలు, నన్ను మింగకు అని చెప్పే మందుని ఇరవై రెండేళ్లలో ఆవిడ చూడలేదు. ఆ వారం మెట్లు అరవై, యాభై మూడు, యాభై, నలభై ఆరు.

నాలుగు చీటీలూ ఎనిమిదేసి మడతలు పెట్టి తెచ్చి కూతురి ఒళ్లో పెట్టింది. "నాలుగోది వాడు. పరీక్ష చేశాను. నలభై ఆరు!"

కూతురు విప్పి చదివింది. ఎలుగుబంటి దగ్గర ఫక్కున నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో. తర్వాత చీటీలన్నీ మళ్లీ మడిచి అంది: "అమ్మా, నలభై ఆరు నీకు. ఇవన్నీ నీ మెట్లు."

"అంటే?"

"అంటే జ్వరం నాకు, మందులు నువ్వు మింగావు."

చీటీలావిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నాలుగు వారాలు! ఇంకొకరి మీద పని చేయాల్సిన మందుని తన మీద పరీక్ష చేయడం తప్పని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి కూడా తెలుసు. ఒకటో తారీఖుకి మిగిలింది పదమూడు రోజులు.

మర్నాడు భోజనాల బల్ల మీద ఎనిమిది మడతల కాగితం ఒకటి కనిపించింది. కూతురి చేతిరాత.

"పేరు: అమ్మ. దేనికి: అన్నిటికీ. మోతాదు: రోజుకు మూడుసార్లు, భోజనంతో. దుష్ఫలితాలు: తలుపు దగ్గరికి వెళ్లగానే వెనకనుంచి అంకెలు వినపడవచ్చు. విన్నవారికి మెట్లు పెరగవచ్చు. హెచ్చరిక: హఠాత్తుగా ఆపేయకూడదు."

ఆవిడ రెండుసార్లు చదివింది. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. కాగితం మడిచి సంచీలో దాచుకుంది. దుకాణానికి వెళ్లి పిప్పరమెంటు బిళ్లలు ఒక డబ్బా కొనుక్కొచ్చింది. అంకె నాలుక మీదికి వచ్చినప్పుడల్లా ఒకటి నోట్లో వేసుకునేది.

నాలుగు యాప్‌లలో ఏది పెట్టుకోవాలో కూతురే తేల్చుకుంది. చివరికి నాలుగోదే పెట్టుకుంది గానీ, గుర్తుచేసే గంటలన్నీ తీసేసింది. ముక్కలు తనే రాసుకుంది. డాక్టరమ్మకి ఫోన్లో చదివి వినిపించింది. మొదటి రోజు: తలుపు తెరవడం. రెండో రోజు: మొదటి మెట్టు మీద కూర్చుని రొట్టె తినడం. ఆ తర్వాత పది మెట్లు, ఇరవై, నలభై. ఒకరోజు ఏడ్చుకుంటూ నాలుగో మెట్టు దగ్గరే వెనక్కి వచ్చింది. తల్లి పిప్పరమెంటు నమిలింది.

ఒకటో తారీఖుకి ముందు రోజు ఎనభై దాకా దిగింది. అప్పటికి మొత్తం నూట డెబ్భై.

"సరిపోదమ్మా," అంది కూతురు కిటికీ వైపు చూస్తూ. "ఇంకో పది రోజులుంటే దిగేదాన్ని."

చీటీలావిడ కిందికి వెళ్లి బస్సు తాత తలుపు కొట్టింది. ఆయన ముప్పై ఏళ్లు బస్సు నడిపి, మోకాళ్లు అరిగి మూడో అంతస్తు నుంచి కింది అంతస్తుకి మారినవాడు. కిటికీ దగ్గరి పిల్ల కుర్చీ దించడానికి తాడు కావాలని అడిగింది. ఆ కళ్లద్దాల దుకాణంలో ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకోవాలి, రోజంతా వంగి చేసే పని కాబట్టి. పిల్ల వెళ్లలేకపోయినా, కుర్చీ అయినా పంపిస్తే ఆ దుకాణం ఆవిడ పది రోజులు ఆగుతుందేమోనని ఈవిడ ఆశ.

"తాడెందుకు? ఇద్దరూ చెరోవైపు పట్టుకుని దించండి," అన్నాడు తాత.

"బాగుంది తాతగారూ. నాకు యాభై, దానికి నూట డెబ్భై. కుర్చీ ఏమైపోవాలి?"

"అదే చెబుతున్నా విను. మా ఆవిడ ఉన్నప్పుడు తాడు తెగిపోతే బీరువా మేమిద్దరమే మోశాం. అప్పుడు ఆవిడకి ఒంట్లో బాగాలేదు, నూట ఇరవై మెట్లు ఎక్కేది. నాకెప్పుడూ నలభై రెండే, నాకు దిగులు పడటం కూడా రాదు, అదో లోపం. బీరువా ఒక్కటే కదమ్మా, ఒక కొస ముందూ ఒక కొస వెనకా చేరలేదు కదా. మెట్లు కాసేపు తికమకపడి, తక్కువ లెక్కకే ఒప్పుకున్నాయి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? ఎప్పుడు చూసినా అంకెలు చదువుకుంటూ వెళ్తావు. మధ్యలో మాట్లాడితే తిడతావని భయం."

తాత చెప్పింది ఆ రాత్రే కూతురికి చెప్పింది; కుర్చీ ఇద్దరూ కలిసి దించాలనుకున్నారు. ఒకటో తారీఖు పొద్దున్నే చీటీలావిడ రొట్టె కోసం దిగింది. ఎక్కేటప్పుడు చూసుకుంటే రెండో అంతస్తు మలుపుకే తొంభై నాలుగు! ఈ పూట తక్కువ లెక్క ఉండాల్సింది తనకే కదా. అక్కడే కూలబడి ఫోన్ తీసింది. ఈసారి రాసుకోడానికి పెన్ను లేదు. నీలి వలయం ఉబ్బింది, తగ్గింది. ఆవిడా ఉబ్బింది, తగ్గింది. పిల్లకి బదులు తాను మందు మింగానని సిగ్గుపడిన ఆ నాలుగు వారాలూ ఇప్పుడు ఒంట్లో ఉన్నాయేమో, ఊపిరికి దారి తెలుసు. పది నిమిషాలకి, "ఇక ఫోన్ పక్కన పెట్టండి," అంది యాప్. పక్కన పెట్టింది.

రొట్టె తినడం అయ్యాక కూతురు కోటు వేసుకుని, కుర్చీ చేయి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ముఖం పాలిపోయింది.

"ఎన్ని ఉన్నాయమ్మా ఇవాళ నీకు?"

"నాకేం తెలుసు," అంటూ తల్లి రెండో వైపు పట్టుకుంది. నోట్లో పిప్పరమెంటు ఉంది. "ఎత్తు. కాళ్లు గోడకి తగలనివ్వకు."

"నువ్వే కొడుతున్నావు గోడకి!"

"నేను వెనక్కి నడుస్తున్నాను, కనపడొద్దూ? ఎడమ, ఎడమ."

"ఎవరి ఎడమ?"

"నా ఎడమే. అబ్బ, వేళ్లు నలిగాయి. కొంచెం పైకెత్తవే తల్లీ, పొద్దున తిన్న రొట్టె ఏమైంది?"

"నవ్వించకమ్మా, జారిపోతుంది."

ఒకచోట కూతురు ఆగింది. "అమ్మా, గుండె దడగా ఉంది."

"ఉండనీ. కుర్చీ మాత్రం వదలకు. ఊపిరి పీల్చు, నేనూ పీలుస్తాను."

ఇద్దరూ కుర్చీకి అటూ ఇటూ నిలబడి పీల్చుకున్నారు, వదిలారు. మళ్లీ దిగారు. కుర్చీ కాలు ఎవరి మోకాలికి ఎన్నిసార్లు తగిలిందో వాదించుకుంటూ ఉండగానే తల్లి వీపు దేనికో కొట్టుకుంది. తిరిగి చూస్తే అది వీధి తలుపు.

"ఎన్నయ్యాయమ్మా?" బస్సు తాత తన గుమ్మంలోంచి కేకేశాడు.

తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ తెలీదు.

వీధిలోకి రాగానే కూతురు కుర్చీని కాలిబాట మీద దించి అందులో కూర్చుంది. ఎండ పడుతోంది. జనం పక్కనుంచి తప్పుకుని వెళ్తున్నారు. రెండు నిమిషాలు అలా కూర్చుని లేచింది. నాలుగు వీధులూ మోసుకుని వెళ్లారు. దుకాణం ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "కుర్చీ వెలుతురు వైపు వేసుకో," అని మాత్రం అంది.

సాయంత్రం చీటీలావిడ వంటగదిలో కుళాయి తిప్పి గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెలే మళ్లీ తోముతోంది. అయినా అడుగుల చప్పుడు వినిపించింది. ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగి. డబ్బాలో మిగిలిన మూడు బిళ్లలూ ఒకేసారి నోట్లో వేసుకుంది.

తలుపు తెరుచుకుంది. కూతురు రొప్పుతోంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఎవరూ అడగకుండానే, "నూట పన్నెండు," అంది.

నోటినిండా పిప్పరమెంట్లతో తల్లి తలూపింది.

కూతురు కోటు విప్పి, అలవాటుగా కిటికీ దగ్గరికి నడిచి, కూర్చోబోయి తూలి నిలదొక్కుకుంది. అక్కడ కుర్చీ లేదు. నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి.

"ఇంకో కుర్చీ తెచ్చి వేయనా?" అంది తల్లి ఎట్టకేలకు బిళ్లలు బుగ్గన పెట్టుకుని.

"వద్దులే అమ్మా. అది రేపటికి అక్కడ కావాలి," అని కూతురు వంటగదిలోకి వచ్చి గట్టు మీదికెక్కి కూర్చుంది. కాళ్లూపుతూ, కంటికి ఆనని మర ఒకటి చేజారి కింద పడితే ముగ్గురు మనుషులు నేల మీద పాకుతూ ఎలా వెతికారో చెప్పడం మొదలుపెట్టింది.